డిజైన్ బాగుందని అందరూ అంటున్నారు, షాపులో మాత్రం కదలట్లేదు. సీసాలు, లేబుళ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కుంకుడు_కాచిగూడ
మేం ఇంట్లో రెండు సరుకులు చేస్తాం. ఒకటి సుగంధిపాల వేర్ల షర్బత్, రెండోది కుంకుడుకాయ రసంతో నేల తుడిచే ద్రవం. తయారీ మా అత్తగారిది, బండి మీద తిరగడం మా ఆయనది, లెక్కలు నావి. రెండేళ్లు ఏవో దొరికిన సీసాల్లో పోసి, కంప్యూటర్ ప్రింటు తీసిన కాగితం అంటించి కాలనీల్లో అమ్ముకున్నాం. బాగానే పోయేవి. పోయిన దసరాకి, కాస్త బ్రాండ్‌లా కనపడాలి కదా అని ఒక డిజైన్ స్టూడియోకి ఇచ్చాం. రూ.45 వేలు తీసుకున్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా అందంగా చేశారు. పొడుగాటి నున్నటి సీసా, లోపలున్నది కనిపిస్తుంది, మ్యాట్ తెల్ల లేబుల్, మధ్యలో సన్నటి బూడిద రంగు అక్షరాలు, మూలన చిన్న ఆకు. మా చెల్లెలు ఫొటో చూసి "అక్కా, ఎయిర్‌పోర్టులో అమ్మే సరుకులా ఉంది" అంది.

మూడు వేల లేబుళ్లు కొట్టించాం. మలక్‌పేట, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ వైపు 14 కిరాణాల్లో పెట్టాం. రెండు నెలలు తిరక్కుండానే తొమ్మిది షాపులవాళ్లు వెనక్కి తీసుకెళ్లమన్నారు. ఫ్రిజ్‌లో పెట్టినవాటికి లేబుల్ అంచులు లేచిపోయాయి. డిజైనర్‌ని అడిగితే "మీ కస్టమర్ అసలు కిరాణాకి రాడు మేడమ్" అంటున్నాడు. ఎండాకాలం నెత్తి మీదకొచ్చింది, షర్బత్‌కి ఉన్నదే మూడు నెలల సీజన్. తప్పు డిజైన్‌దా, షాపులదా, నాదా?

గోలీసోడా
ముందు ఫొటో పెట్టండి. చూడకుండా తిట్టడం మా పద్ధతి కాదు, చూసి తిడతాం.

కుంకుడు_కాచిగూడ
పెట్టాను. ఎడమ వైపుది షర్బత్, కుడి వైపుది నేల ద్రవం.

గోలీసోడా
రెండూ షర్బతే అనుకున్నా.

కిరాణా_యాదగిరి
చంపాపేటలో మాది 22 ఏళ్ల దుకాణం. అమ్మా, తప్పు షాపుది కాదు. మా దగ్గర ఒకటే ట్యూబ్‌లైటు, సామాను సగం కౌంటర్ వెనకాల ఉంటది. గిరాకీ లోపలికి వచ్చి సీసా తిప్పి చదవదు. గుమ్మం కాడ నిలబడి "ఆ ఎర్ర మూతది ఇయ్యి", "పచ్చ ప్యాకెట్ ఇయ్యి" అంటది. పేరు చెప్పి అడిగేటోళ్లు తక్కువ, రంగు చెప్పి అడిగేటోళ్లే ఎక్కువ. మీ సీసాని ఏమని అడగాలె? తెల్ల కాగితంది ఇయ్యి అంటే నేను ఫినాయిల్ ఇస్త.

ఇంకొకటి, పొడుగు సీసా నా అరలో పట్టదు. అర ఎత్తు 11 అంగుళాలు. పడుకోబెట్టినా. పడుకోబెడితే లేబుల్ మీద దుమ్ము, ఆ మ్యాట్ కాగితం మీద పసుపు వేలు పడితే పోదు.

లేఅవుట్_లలిత
నేను డిజైనర్‌నే, ప్యాకేజింగ్ చేస్తాను, అందుకే చెప్తున్నా, అందరూ కలిసి ఆ డిజైనర్‌ని తన్నేముందు ఒక్క మాట. క్లయింటు "బ్రాండ్‌లా కనపడాలి" అని అడిగారు, అతను బ్రాండ్‌లా కనపడేట్టు చేశాడు. ఎక్కడ అమ్ముతారు, ఎవరు కొంటారు, ఎంత రేటు అని మీరు రాసిచ్చారా? ఇలా వచ్చే పనుల్లో సగం ఫోన్‌లో ఒక రెఫరెన్స్ బొమ్మ చూపించి "ఇలా కావాలి" అనడంతోనే మొదలవుతాయి. నెట్‌లో తిరిగే "అద్భుతమైన ప్యాకేజింగ్ ఐడియాలు" బొమ్మలు నాకూ ఇష్టమే. జపాన్ డిజైనర్ నావోతో ఫుకసావా 2004లో పళ్ల రసం డబ్బాలు చేశాడు. అరటిపండు రసం డబ్బా అచ్చం అరటితొక్కలా, కివీది నూగుతో సహా కివీ తొక్కలా. చూస్తే చేతిలోకి తీసుకోకుండా ఉండలేం. కానీ అది ఎగ్జిబిషన్ కోసం చేసింది. మన దగ్గరికి ఆ ఫొటో ఒక్కటే వస్తుంది, "ఇలా కావాలి"తో.

సీసా_శీను
జీడిమెట్లలో 11 ఏళ్లుగా సీసాలు ఊదే బ్లోయింగ్ మిషన్ల దగ్గర ఉన్నా. లేబుల్ సంగతి నాకు తెలీదు, సీసా సంగతి చెప్తా. షర్బత్ వేడిగా పోస్తున్నారా, చల్లార్చి పోస్తున్నారా? మామూలు పెట్ (కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్) సీసా 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. వేడి పాకం పోస్తే ముందు భుజాలు జారతాయి. మూత బిగించాక చల్లారేకొద్దీ లోపల గాలి తగ్గి నడుము లోపలికి పీక్కుపోతుంది. పళ్ల రసం సీసాలకి పక్కలు నొక్కినట్టు పలకలు పలకలుగా ఉంటాయి చూడండి, అది సోకు కాదు. ఆ పీకుడంతా పలకలు తీసుకుని, మిగతా సీసా తిన్నగా నిలబడుతుంది. సోడా సీసాకి అడుగున ఐదు కాళ్లు ఎందుకంటే గ్యాస్ ఒత్తిడికి అడుగు ఉబ్బినా సీసా దొర్లకూడదని. నీళ్ల సీసా చుట్టూ ఉండే గీతలు పల్చటి ప్లాస్టిక్‌కి బలం.

మీ సీసా నున్నగా ఉంది. నున్నటి సీసా ఫొటోకి బాగుంటుంది.

కుంకుడు_కాచిగూడ
శీను గారూ, మొదటి బ్యాచ్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పోశాం అనుకున్నాం, థర్మామీటర్ పెట్టలేదు. తెల్లారి చూస్తే 40 సీసాల్లో 12కి నడుం ముడుచుకుపోయి, లేబుల్ మీద ముడతలు. మా అత్తగారు "వీటికి కూడా ఉపవాసమా" అన్నారు. ఇప్పుడు రాత్రంతా చల్లార్చి పోస్తున్నాం.

పదినిమిషాల_పవన్
అందరూ 1990లో ఆగిపోయారు. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో కిరాణాకి వెళ్లేవాడు ఒక్కడు లేడు, అంతా యాప్‌లోనే. అక్కడ అర లేదు, ట్యూబ్‌లైట్ లేదు, దుమ్ము లేదు. సీసా బొటనవేలి గోరంత బొమ్మ, అంతే. తెల్లగా శుభ్రంగా ఉండే డిజైనే అక్కడ అమ్ముడుపోతుంది. డిజైనర్ చెప్పింది కరెక్ట్, మీ కస్టమర్ కిరాణాకి రాడు.

కిరాణా_యాదగిరి
మరి ఆమె సీసాలు పెట్టింది కిరాణాలో కదా తమ్మీ.

లేఅవుట్_లలిత
పవన్, గోరంత బొమ్మలో సన్నటి బూడిద అక్షరం ఇంకా కనపడదు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల లేబుల్ పెడితే సీసా అంచే తెలీదు. యాప్‌కి చేసేటప్పుడు మేం మొదట చేసే పనే బొమ్మని స్క్రీన్ మీద రెండు సెంటీమీటర్లకి కుదించి, దూరంగా వెళ్లి చూడటం. ట్యూబ్‌లైట్ కింద పాసయ్యేదే అక్కడా పాసవుతుంది.

ఒత్తులపోలీసు
ఎవరూ చూడలేదా? ఫొటో పెద్దది చేసి చూడండి. లేబుల్ మీద "షర్బత్"లో ర కింద బ ఒత్తు రాలేదు. ర, పొల్లు, పక్కన బ, విడివిడిగా మూడు ముక్కలు. "స్వచ్ఛమైన"లో ఛ ఒత్తు ఊడి పక్క అక్షరం మీద పడింది. రూ.45 వేలకి ఒత్తులు కూడా ఇవ్వరా?

లేఅవుట్_లలిత
ఇది మాత్రం సమర్థించను, సిగ్గుచేటు. ఇలస్ట్రేటర్ అని మేం వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు సెట్టింగ్‌తో తెలుగు పేస్ట్ చేస్తే ఇదే అవుతుంది. అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే ఒత్తులు కుదురుతాయి. తెలుగు చదవడం రాని టీమ్ అయితే తేడా వాళ్లకి కనపడదు కూడా. ఇంగ్లిష్ లేఅవుట్‌లో తెలుగుని ఇరికిస్తే వచ్చే ఇంకో తంటా ఏంటంటే మన అక్షరాలకి పైన గుడి, కింద ఒత్తు, రెండు వైపులా చోటు కావాలి. ఇంగ్లిష్‌కి సరిపోయిన వరుసల మధ్య దూరం మనకి చాలదు, పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టుకి తగులుతుంది. అచ్చుకి పంపేముందు కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి, ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించాలి. పైకి చదవమనండి, ఎక్కడ ఆగితే అక్కడ తప్పు.

నైట్‌షిఫ్ట్_నాని
మా ఊళ్లో ఒక పచ్చడి సీసా మీద "మామిడి" బదులు "మామిడ" అని వచ్చింది, పైన గుడి కోసేశారు. అయినా అమ్ముడుపోయింది. పచ్చడి బాగుంటే గుడి ఎవరిక్కావాలి.

ఒత్తులపోలీసు
నాక్కావాలి.

మాస్టారు_మల్కాజిగిరి
పాత సరుకుల వైపు ఒకసారి చూడండి. అమృతాంజనం 1893 నాటిది, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు పెట్టిన సంస్థ. నాకు తెలిసినంతకాలం చిన్న సీసా, పసుపు రంగు. చీకట్లో అలమరలో చేయి పెట్టి తడిమి తీసేవాళ్లం, మూత తిప్పకముందే వాసన వచ్చేది. మన హైదరాబాద్ జిందా తిలిస్మాత్ 1920 నుంచి ఉంది. దాని మీద బొమ్మ నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ సైనికుడిది, ఏసీ గార్డ్స్ పేటకి పేరు ఇచ్చిన దళం. ఆ బొమ్మ చూపిస్తే చదువు రాని మా నాయనమ్మ కూడా "జలుబు మందు" అనేది. ఇవాళ దాన్ని ఎవరైనా డిజైనర్‌కి ఇస్తే సైనికుణ్ణి తీసేసి ఆకు పెడతాడు.

తడిమి తీసే మాట వచ్చింది కాబట్టి, కోకాకోలా వాళ్లు 1915లో సీసా కోసం గాజు కంపెనీలకి ఇచ్చిన షరతు కూడా దాదాపు అదే. చీకట్లో పట్టుకున్నా, కింద పడి పగిలి ముక్కలైనా, ఇది ఫలానా సీసా అని తెలియాలి. ఇండియానాలోని రూట్ గ్లాస్ కంపెనీవాళ్లు కోకో కాయ బొమ్మ చూసి ఆ నడుము గీశారట. డ్రింకులో కోకో లేదు, ఆ సంగతి వేరే.

గోలీసోడా
నా పేరు మీద ఒక ముక్క చెప్పుకోకపోతే ఎలా. గోలీ సోడా సీసా హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఆయనది, పేటెంటు 1872. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి రబ్బరు వాషర్‌కి అదిమి మూత వేస్తుంది. వంచినప్పుడు గోలీ మళ్లీ మూతికి అడ్డం పడకుండా మెడ దగ్గర రెండు నొక్కులు. మూత, సీలు, సౌండు అన్నీ ఒక్క గోలీయే. దానికి లేబులే అక్కర్లేదు. చిన్నప్పుడు గోలీ కోసం సీసా పగలగొట్టి తన్నులు తిన్న బ్యాచ్ ఇక్కడ ఎంతమంది?

నైట్‌షిఫ్ట్_నాని
ఇక్కడొకడు. తన్నులు రెండు సార్లు, గోలీ ఒకటే.

వనస్థలిపురం_వదిన
అందరూ షాపులో, యాప్‌లో అంటున్నారు. ఇంటికి తెచ్చుకున్నాక సంగతి ఎవరూ అడగరేం. సింకు దగ్గర తడి చేత్తో, ఒక చేత్తో గిన్నె పట్టుకుని రెండో చేత్తో తెరవగలగాలి. నున్నటి గుండ్రటి మూత తడి చేతికి తిరగదు, పంటితో తీసిన రోజులున్నాయి. పంటితో, నేల తుడిచే సీసాని! బాత్రూం క్లీనర్ సీసాకి మెడ వంకరగా ఉంటుంది చూడండి, ఎవరు ఆలోచించారో గానీ దండం పెట్టాలి, వంగక్కర్లేకుండా కమోడ్ అంచు కిందకి పడుతుంది.

ఇంతకీ కుంకుడు గారూ, ఫొటో ఇందాకటి నుంచి చూస్తున్నా. రెండు సీసాలూ ఒకటేనా? అదే సీసా, అదే మూత, అదే లేబుల్, లోపల రెండూ గోధుమ రంగే. ఒకటి తాగేది, ఒకటి నేల తుడిచేది. ఇలా ఎలా చేశారండీ?

సీసా_శీను
వదిన గారు చెప్పాక చూశా. గుండె జారింది.

లేఅవుట్_లలిత
ఓరి దేవుడా. "ఒకే కుటుంబం లుక్" అంటాం మేం దీన్ని. షాంపూకీ కండిషనర్‌కీ చేస్తాం. తాగేదానికీ తుడిచేదానికీ చేయకూడదు.

రిటైర్డ్_కెమిస్ట్
ఇక మిగతావన్నీ పక్కన పెట్టండి. ఇది డిజైన్ బాగుందా లేదా అన్న ప్రశ్న కాదు. నేను 30 ఏళ్లు క్లీనర్లు తయారుచేసే చోట పనిచేశాను. మన ఇళ్లలో ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో ఫినాయిల్, యాసిడ్ పోసి పెట్టే అలవాటు ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు. చిన్నపిల్లాడికి అక్షరం తెలీదు, సీసా ఆకారం తెలుసు. మీరు ఆ అలవాటుని ఫ్యాక్టరీ దగ్గరే మొదలుపెట్టారు. కుంకుడు రసం చేదే, ఒక గుటకకి ఉమ్మేస్తారు, నిజమే. కానీ కంట్లో పడితే మంట, కడుపులోకి వెళ్తే వాంతులు. అందులో నిల్వకి, వాసనకి ఇంకేం కలుపుతున్నారో మీకే తెలియాలి. క్లీనర్లలో కావాలని డెనటోనియం బెంజోయేట్ అనే చేదు మందు కలిపేది కూడా ఇందుకే, నోట్లో పెట్టగానే ఉమ్మేయాలని.

ముందు షాపుల్లో ఉన్న నేల ద్రవం వెనక్కి తెచ్చుకోండి. అమ్మకం సంగతి తర్వాత.

కుంకుడు_కాచిగూడ
చదివి ఓ గంట ఏమీ రాయలేకపోయాను. చెప్పాల్సింది ఒకటి దాచాను, ఇప్పుడు చెప్తాను.

ఒకే సీసా ఎందుకంటే, రెండు రకాలు తీసుకుంటే ఒక్కో రకం కనీసం రెండు వేలు తీసుకోవాలన్నాడు బేగంబజార్‌లో సీసాలాయన. ఒకే రకమైతే సీసాకి రూపాయి పావలా తగ్గింది. డిజైనర్ కూడా "బాగుంటుంది, సెట్‌లా ఉంటుంది" అన్నాడు. మేం అదే ఆలోచించాం.

జనవరిలో నుమాయిష్‌లో (నాంపల్లి ఎగ్జిబిషన్‌లో) మా తోటికోడలు వాళ్ల స్టాల్‌లో ఒక మూల పెట్టుకున్నాం. ఆదివారం సాయంత్రం, కాలు పెట్టే చోటు లేదు. రుచికి చిన్న కాగితం గ్లాసుల్లో షర్బత్ పోసి ఇస్తున్నాం. నేను డబ్బులు తీసుకుంటున్నా, మా ఆయన పోస్తున్నాడు. ఎదురుగా ఒక పెద్దాయన, భుజం మీద మనవడు, చెయ్యి చాపి ఉన్నాడు. మా ఆయన కింద నుంచి కొత్త సీసా తీసి, మూత విప్పి, వంచాడు. గ్లాసులో నురగ లేచింది. షర్బత్‌కి నురగ రాదు. ఆ నురగ చూసి మా ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పెద్దాయనకి ఏమీ అర్థం కాలేదు, "సోడా కలిపారా" అని అడిగాడు. మేం నవ్వేసి గ్లాసు మార్చాం. ఇంటికొచ్చాక ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఇక్కడ "కదలట్లేదు" అని అడిగాను గానీ, లోపల నన్ను తినేస్తున్నది అది.

రేపు పొద్దున్నే మా ఆయన బండి తీస్తున్నాడు. ఉన్న షాపులన్నిటి నుంచీ నేల ద్రవం తెచ్చేస్తాం.

మాస్టారు_మల్కాజిగిరి
చెప్పడం మంచిదైంది అమ్మా. చాలామంది చెప్పరు.

కిరాణా_యాదగిరి
నా దగ్గర ఉన్న నాలుగు సీసాలు పక్కకు తీసి పెట్టిన, సార్‌ను రమ్మను.

కుంకుడు_కాచిగూడ
యాదగిరి గారూ, అంటే ఆ 14లో ఒకటి మీదేనా?

కిరాణా_యాదగిరి
మొదటి రోజే గుర్తుపట్టిన. పడుకోబెట్టిన అని చెప్పిన కదమ్మా.

గోలీసోడా
ఈ థ్రెడ్ ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చింది రా నాయనా.

రిటైర్డ్_కెమిస్ట్
నేల ద్రవానికి లోపలిది కనిపించని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డబ్బా తీసుకోండి, పిడి ఉన్నదైతే ఇంకా మంచిది. తాగే సీసా ఆకారం దరిదాపుల్లో ఉండకూడదు. మూత నొక్కి తిప్పేది దొరుకుతుంది, కొంచెం ఖరీదు, పెట్టండి. నిల్వ మందు సరిగ్గా వేయకపోతే కుంకుడు రసం పులిసి గ్యాస్ పుట్టి డబ్బా ఉబ్బుతుంది, ఆ బాధ మీకు ఇప్పటికే తెలిసి ఉండాలి. ఇంకొకటి, డబ్బా మీద కుంకుడుకాయల బొమ్మ పెద్దది వేయాలనిపిస్తుంది. వద్దు. దూరం నుంచి అది ఖర్జూరంలా ఉంటుంది, మళ్లీ మొదటికే వస్తారు. నేల, తుడిచే గుడ్డ, బకెట్, ఆ బొమ్మ వేయండి. అందం తగ్గితే తగ్గనీ.

లేఅవుట్_లలిత
అందం తగ్గక్కర్లేదు సార్, బకెట్ కూడా అందంగా గీయొచ్చు. నేను గీసిస్తా, డబ్బులొద్దు. ఆ నుమాయిష్ కథ చదివాక నాకు నిద్ర పట్టేలా లేదు, నేను చేసిన "ఫ్యామిలీ లుక్"లన్నీ గుర్తొస్తున్నాయి.

షర్బత్ లేబుల్ గురించి. 2009లో అమెరికాలో ట్రాపికానా వాళ్లు నారింజ రసం డబ్బా మార్చారు. స్ట్రా గుచ్చిన నారింజ పండు బొమ్మ తీసేసి, గ్లాసులో రసం పెట్టి, పేరు నిలువుగా తిప్పి, శుభ్రంగా, ఖాళీగా చేశారు. రెండు నెలలు తిరక్కుండా అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయి, పాత డబ్బా వెనక్కి తెచ్చారు. రుచి మారలేదు, జనానికి తమ డబ్బా కనపడలేదు, అంతే. మీ పాత సీసాకి ఏ రంగు మూత ఉండేది?

కుంకుడు_కాచిగూడ
ఎరుపు. దొరికినవన్నీ ఎరుపే. పాత కస్టమర్లు "ఎర్ర మూత షర్బత్" అనేవాళ్లు. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, నేనే ఆ మూత తీసి తెల్లది పెట్టించాను.

లేఅవుట్_లలిత
ఎరుపు వెనక్కి తెండి. దాని ఖర్చు సున్నా.

చెత్తబండి_చందు
సీసా బదులు పౌచ్ గురించి ఎవరూ చెప్పలేదు. పానీయాలమ్మే పేపర్ బోట్ కంపెనీ 2013లో పౌచ్‌తోనే కదా పేరు తెచ్చుకుంది. నిలబడుతుంది, తేలిక, పగలదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నేనే వద్దంటాను. రెండు మూడు రకాల పొరలు అతికించి చేస్తారు, వాటిని విడదీయడం కష్టం, మా దగ్గర చెత్త ఏరేవాళ్లు ముట్టుకోరు. పెట్ సీసా అయితే కిలో లెక్కన వెంటనే అమ్ముడుపోతుంది. పౌచ్ మాత్రం రోడ్డు మీదే పడి ఉంటుంది.

సీసా_శీను
పైగా పౌచ్‌కి గ్రావ్యూర్ ప్రింటింగ్ (చెక్కిన సిలిండర్లతో అచ్చు) అయితే రంగుకో సిలిండర్ చేయించాలి. ఐదు రంగులంటే ఐదు సిలిండర్లు. చిన్నవాళ్లకి ఆ లెక్కే పొసగదు. పెట్ సీసానే ఉంచండి, ఎత్తు తగ్గించి, భుజం వెడల్పుది తీసుకోండి. తయారుగా ఉన్న అచ్చుల్లోనే దొరుకుతాయి, కొత్త అచ్చు చేయించకండి.

ఎలుకల కథ తెలుసా? కొబ్బరినూనె రేకు డబ్బాల నుంచి ప్లాస్టిక్‌కి మారేటప్పుడు, 1980లలో, షాపులవాళ్లు ఒప్పుకోలేదట. అంతకుముందు ఎవరో చదరపు ప్లాస్టిక్ సీసా తెస్తే ఎలుకలు మూల పట్టుకుని కొరికేశాయి. పారాచూట్ వాళ్లు గుండ్రటి సీసా చేసి, ఎలుకల బోనులో పెట్టి చూశారు. గుండ్రంగా ఉంటే పంటికి పట్టు దొరకదు. ఆ నీలం సీసా ఆకారం వెనకాల ఎలుక ఉంది. మా యజమాని కొత్తగా చేరినవాళ్లందరికీ ఇదే చెప్తాడు.

కిరాణా_యాదగిరి
మా దుకాణంల ఎలుకలకు మూల అక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్_నాని
హైదరాబాద్ ఎలుకలు వేరే లెవెల్.

వనస్థలిపురం_వదిన
లేబుల్ ఊడిపోవడం సంగతి ఎవరైనా చెప్పండి, మధ్యలో పోయింది.

సీసా_శీను
కాగితం స్టికర్ వాడారు. ఫ్రిజ్‌లోంచి తీయగానే సీసాకి చెమట పడుతుంది, కాగితం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. బీఓపీపీ (ప్లాస్టిక్ ఫిల్మ్) స్టికర్, నీళ్లకి ఆగే గమ్ అని అడగండి. అంటించేటప్పుడు సీసా పొడిగా, గది వేడిలో ఉండాలి. ఇక హెచ్‌డీపీఈ డబ్బాకి గమ్ అంత తేలిగ్గా పట్టదు, పైగా నొక్కితే స్టికర్ ముడతలు పడుతుంది. దానికి పీఈ (పాలిథీన్) ఫిల్మ్ స్టికర్ తీసుకోండి, డబ్బాతో పాటు వంగుతుంది. 20 అంటించి రెండు రోజులు ఫ్రిజ్‌లో, రెండు రోజులు ఎండలో పెట్టి చూశాకే మిగతావి కొట్టించండి.

రిటైర్డ్_కెమిస్ట్
లేబుల్ మళ్లీ కొట్టిస్తున్నారు కాబట్టి రాయాల్సినవి ఇప్పుడే చూసుకోండి. ఎంఆర్‌పీ, నికర పరిమాణం, తయారీదారు పేరు చిరునామా, తయారైన నెల సంవత్సరం, ఫిర్యాదులకి ఫోన్ నంబరు. మిల్లీలీటరుకి ఎంత పడుతుందో కూడా వేయాలి. షర్బత్‌కి అదనంగా ఆహార లైసెన్సు 14 అంకెల నంబరు, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, పదార్థాల జాబితా, ఎప్పటిలోగా వాడాలో. మీ ఫొటోలో ఇవన్నీ వెనక వైపు బియ్యపు నూకంత అక్షరాల్లో ఉన్నాయి. అంకెల ఎత్తుకి కూడా నిబంధన ఉంది, చూసుకుని వేయించండి. తనిఖీకి వచ్చినాయనకి భూతద్దం ఇవ్వలేం.

పదినిమిషాల_పవన్
సరే, నేను ఒప్పుకుంటున్నా, కిరాణా అన్నదే కరెక్ట్. కానీ యాప్ మాట పూర్తిగా కొట్టిపారేయకండి.

లేఅవుట్_లలిత
ఎవరూ కొట్టిపారేయలేదు, ఎర్ర మూత గోరంత బొమ్మలో కూడా కనపడుతుంది.

ఒత్తులపోలీసు
కొత్త లేబుల్ అచ్చుకి పంపేముందు నాకు చూపించండి. ఊరికే చూస్తా.

కుంకుడు_కాచిగూడ
ఆరు వారాలైంది, సంగతులు చెప్దామని వచ్చాను.

నేల ద్రవం మొత్తం వెనక్కి తెచ్చేశాం, 60 సీసాలు మా బాల్కనీలో ఉన్నాయి, మా ఇల్లు జన్మలో ఇంత శుభ్రంగా లేదు. దానికి ఇప్పుడు పిడి ఉన్న ముదురాకుపచ్చ డబ్బా. లలిత గారు గీసిన బకెట్ బొమ్మ, కింద "నేల తుడవడానికి మాత్రమే, తాగరాదు" అని తెలుగులో పెద్ద అక్షరాలు, పక్కనే హిందీ, ఉర్దూల్లో కూడా. నొక్కి తిప్పే మూత పెట్టాం. మా అత్తగారికి ఆ మూత రావట్లేదు, మా ఆరేళ్ల అబ్బాయికి కూడా రావట్లేదు. మొదటిది కొంచెం ఇబ్బందే, రెండోది చూసి ఊపిరి పీల్చుకున్నా.

షర్బత్‌కి పొట్టి సీసా, పసుపు లేబుల్, ఎర్ర మూత. ఎత్తు తొమ్మిదిన్నర అంగుళాలు, యాదగిరి గారి అరలో నిలబడింది. ఒత్తులపోలీసు గారు మూడు తప్పులు పట్టారు, అందులో ఒకటి మా ఇంటి పేరులో. పాత తెల్ల లేబుళ్లు 1,900 మిగిలాయి. వెనక వైపు లెక్కలు రాసుకుంటున్నాను, మంచి కాగితం, మ్యాట్, పెన్ను బాగా పడుతుంది.

గోలీసోడా
రూ.45 వేల నోట్‌బుక్కు.

వనస్థలిపురం_వదిన
రెండు డబ్బాలు నాకు పంపండి, తడి చేత్తో తెరిచి చెప్తా.

కిరాణా_యాదగిరి
షర్బత్ నిన్న ఒక్క దినం ఏడు పోయినయి. అందరూ ఎర్ర మూతదే అంటున్నరు. అంతా మంచిగుంది గానీ అమ్మా, రేటు సీసా అడుగున కొట్టిన్రు. ప్రతి గిరాకీ రేటు ఎంత అని అడిగితే నేను సీసా తలకిందులు చేసి చూస్తున్న.

కుంకుడు_కాచిగూడ
అయ్యో. బ్యాచ్ స్టాంపు వేసే అబ్బాయి అడుగున చదునుగా ఉందని అక్కడ కొట్టాడు. రేపటి నుంచి భుజం మీద.

సీసా_శీను
భుజం మీద వంపు ఉంటుంది, స్టాంపు అలుక్కుపోతుంది. లేబుల్‌లోనే తెల్ల గడి వదలమని చెప్పండి.

ఒత్తులపోలీసు
గడి వదిలేటప్పుడు "గరిష్ఠ"లో ఠ ఒత్తు చూసుకోండి.